చుట్టయినా సిగార్ అయినా

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలకు చుట్ట కొత్త కాదు. ఇక్కడి నల్లరేగడి నేలల్లో పొగాకు పండింది. పెద్దలు అరుగుల మీద కూర్చొని చుట్ట కాల్చారు. ఇప్పుడు కొందరు యువకులు ఖరీదైన సిగార్లు తెప్పించుకొని, ఆకు రంగు, వాసన, ఘాటు చూసి ఎంచుకుంటున్నారు. "ఇది వ్యసనం కాదు, అభిరుచి. పొగ మింగము కదా, తప్పేమిటి?" అని మమ్మల్ని అడుగుతున్నారు.

పొగాకు అమెరికా ఖండపు మొక్క. 1492 తర్వాతే మిగతా ప్రపంచానికి తెలిసింది. కనుక ఖుర్ఆన్, హదీసులలో దాని పేరు లేదు. అందుకే ఉలమాలలో కొందరు ముబాహ్ (అనుమతించబడినది) అన్నారు, కొందరు మక్రూహ్ అన్నారు, మరికొందరు హరామ్ అన్నారు. ఆనాడు దాని హాని ఇంతగా తెలియదు.

నేడు తెలిసింది. పొగ మింగకపోయినా నికోటిన్ నోటి పొర ద్వారానే రక్తంలో కలుస్తుంది. సిగార్ వల్ల నోటికి, గొంతుకు క్యాన్సర్ వస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పును నోటి లోపల ఉంచి అడ్డపొగ తాగే స్త్రీలలో అంగిలి క్యాన్సర్‌ను వైద్యులు గుర్తించారు.

మన చేతులారా మనల్ని వినాశంలో పడవేసుకోరాదన్నది ఖుర్ఆన్ (2:195) బోధ. పచ్చి ఉల్లి, వెల్లుల్లి హలాలే. అయినా వాటి వాసనతో మస్జిద్‌కు రావద్దని దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం). మరి పొగాకు వాసన మాటేమిటి? ఆకు మేలురకమైనంత మాత్రాన హాని మేలు కాదు. పైగా ఆ ఖర్చులో భార్యాబిడ్డల హక్కు ఉంది.

ఇంటి పెద్దలారా! అబ్బాయిని నలుగురిలో మందలించకండి, ఒంటరిగా, ప్రేమతో చెప్పండి. మీ చేతిలో చుట్ట ఉంటే ముందు దానిని ఆర్పండి. అల్లాహ్ మనందరికీ ఆ శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.