ఆరోగ్య లక్ష్మి: పెరుగు, పేగులు, రోగనిరోధక శక్తి – తల్లులు తెలుసుకోవాల్సిన విషయాలు

ఆరోగ్య లక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలో భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. అవి అక్కడే తినండి, తాగండి. ఇంట్లో రోజూ ఒక కప్పు పెరుగు కూడా తీసుకోండి. ఎందుకో చూడండి.

ప్రోబయోటిక్స్ అంటే ఏంటి?
మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. పాలల్లో తోడు వేస్తే పెరిగేవి కూడా మంచి బ్యాక్టీరియానే. మన పేగుల్లోనూ ఇలాంటివి కోట్ల కొద్దీ ఉంటాయి. చెడ్డ క్రిములకు చోటు దొరక్కుండా చేస్తాయి. రోగాలతో పోరాడే కణాలు పేగుల దగ్గర కూడా ఉంటాయి. వాటికి తర్ఫీదు ఇచ్చేది ఈ మంచి బ్యాక్టీరియానే.

ఎలా తినాలి?
• పెరుగు, మజ్జిగ కాచకుండా తీసుకోండి. వేడికి బ్యాక్టీరియా చనిపోతుంది. మజ్జిగ పులుసు, ఇడ్లీ మంచి ఆహారమే, కానీ వాటిలో బతికున్న బ్యాక్టీరియా ఉండదు.
• పప్పులు, ఆకుకూరలు, జొన్నలు తినండి. వాటిలోని పీచే ఈ బ్యాక్టీరియాకు తిండి.
• ఐరన్ మాత్రను పాలు, పెరుగుతో వేసుకోవద్దు. ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. రెండు గంటల తేడా ఉంచండి.

బిడ్డకు ఏం ఇవ్వాలి?
పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టండి. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలు, నీళ్లు కూడా వద్దు. బిడ్డ పేగుల్లో మంచి బ్యాక్టీరియాను పెంచే చక్కెరలు తల్లిపాలల్లోనే ఉంటాయి. ఆరు నెలలు నిండాక మెత్తటి పెరుగన్నం పెట్టొచ్చు.

జాగ్రత్త!
బిడ్డకు నీళ్ల విరేచనాలైతే పెరుగుతోనే తగ్గుతాయని ఇంట్లో కూర్చోవద్దు. ఓఆర్‌ఎస్ పట్టండి. ఆశా కార్యకర్త ఇచ్చిన జింక్ మాత్రలు విరేచనాలు ఆగినా 14 రోజులు వేయండి. తల్లిపాలు ఆపొద్దు. కళ్లు లోపలికి పోయినా, మత్తుగా ఉన్నా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కి ఫోన్ చేయండి.

మందుల షాపులో దొరికే ప్రోబయోటిక్ పొడులు, యాంటీబయాటిక్స్ డాక్టర్ చెప్పకుండా వాడొద్దు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆ పొడులు ప్రమాదం కావచ్చు.

సందేహాలుంటే మీ అంగన్‌వాడీ టీచర్‌ను అడగండి.