ఫ్యాను ఆపి వినండి చెల్లెళ్లూ

చెల్లెళ్లూ, మనిళ్లల్లో పాట మోగని రోజుండదు. పోపు వేస్తుంటే పాట, బట్టలు మడతపెడుతుంటే పాట, పిల్లల క్యారేజీలు సర్దుతుంటే పాట. మరి చేతిలో ఏ పనీ లేకుండా, పాట కోసమే కుర్చీ వేసుకుని కూర్చుని విన్నది ఎప్పుడు? నేనడిగిన ఆడవాళ్లలో చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. "అంత తీరిక మనకెక్కడిదక్కా?" అంటారు. ఆ తీరిక గురించే ఇవాళ్టి ముచ్చట.

మాది విజయనగరం. 1919లో మహారాజావారు పెట్టిన సంగీత కళాశాల మా ఊరి గొప్ప. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. తర్వాత 1936లో ఆ కుర్చీలో కూర్చున్నది ద్వారం వెంకటస్వామినాయుడుగారు. పాడేవారి పక్కన కూర్చునే వయొలిన్‌ని వేదిక మధ్యకి తెచ్చి, ఒంటరిగా కచేరీ నడిపించి చూపించిన మహానుభావుడు. అలాంటి ఊళ్లో ఆడపిల్ల వయొలిన్ నేర్చుకోవడం వింతేమీ కాదు. ఆ వయొలిన్ పట్టుకుని సినిమా పాటల ఆర్కెస్ట్రాలో వాయిస్తానంటేనే ఇల్లంతా గగ్గోలు. పాడే అమ్మాయిలని జనం ఎరుగుదురు గానీ, మగవాళ్ల మధ్య కూర్చుని వాయించే అమ్మాయిని ఎరగరు. చివరికి మా నాన్నగారు ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. ప్రతి ప్రోగ్రాంకీ వెంట వచ్చి ముందు వరసలో కూర్చునేవారు. ఆయన చలవ వల్లే నాకు ఈ జీవితమంతా దొరికింది.

మా ఊరి పైడితల్లమ్మ పండగ, శ్రీరామనవమి పందిళ్లు, దసరాలు, పెళ్లిళ్లు, అన్నిటికీ వాయించేవాళ్లం. మా బృందంలో హార్మోనియం, అకార్డియన్, గిటారు, తబలా, కాంగోలు, రెండు వయొలిన్లు. పాడేవాళ్లకి రెండు మైకులు, హార్మోనియానికి ఒకటి, మా రెండు వయొలిన్లకీ కలిపి ఒకటి. కర్ణాటక పద్ధతిలో నేల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలని కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం. బరువు పాదం మోస్తుంది కాబట్టి ఎడమచెయ్యి తీగ మీద పైకీ కిందకీ హాయిగా జారుతుంది. ఆర్కెస్ట్రాలో అలా కుదరదు. కుర్చీలో కూర్చుని గడ్డం కింద బిగించి పట్టుకోవాలి. గమకం కోసం చెయ్యి జారిస్తే వయొలినే కదిలిపోతుంది. ఆ కిటుకు పట్టుబడడానికి నాకు చాలా కాలమే పట్టింది. పైగా మంచు కురిసే రాత్రుళ్లు తీగల శ్రుతి మారిపోతుంటుంది. పాటకీ పాటకీ మధ్య అనౌన్సరు మాట్లాడే ఆ కాస్త సేపట్లోనే బిరడాలు తిప్పి శ్రుతి సరిచేసుకోవాలి.

అసలు చదువు మాత్రం స్టేజీ మీద కాదు, రిహార్సల్‌లో జరిగేది. నొటేషన్ ఎవరిస్తారు? క్యాసెట్ పెట్టి, పాట మధ్యలో వచ్చే బిట్‌ని వెనక్కి తిప్పి, మళ్లీ విని, సరిగమల్లో రాసుకోవడమే. పై వయొలిన్ వరస ఎవరికైనా దొరుకుతుంది. దాని కింద ఇంకో వరస నడుస్తుంటుంది, అది దొరికించుకోవాలి. ఇళయరాజాగారి పాటలొచ్చాక మా పని పదింతలైంది. ఒక గుంపు వయొలిన్లు ఒక వరస వాయిస్తుంటే, ఇంకో గుంపు దానికి ఎదురుగా వేరే వరస వాయిస్తుంది. 1983లో 'సాగర సంగమం' పాటలొచ్చినప్పుడు ఆ బిట్లు రాసుకోవడానికి మా వాళ్లు రాత్రుళ్లు జాగారం చేశారు. ఆ చిన్న టేప్‌రికార్డర్‌లో వినపడీ వినపడనట్టుండే స్వరాల కోసం చెవి రిక్కించడం అలవాటైంది చూశారూ, అదే నాకు మిగిలిన ఆస్తి.

ఆర్కెస్ట్రా అంటే చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు ఇప్పటికీ కోపమే. సినిమాల్లో నిలదొక్కుకోకముందు బాలసుబ్రహ్మణ్యంగారు నడిపిన బృందంలో గిటారు, హార్మోనియం వాయించినవారు ఎవరనుకున్నారు? ఆ ఇళయరాజాగారే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఇంట్లో తొలిసారి చేతిలోకి తీసుకున్నది వాళ్ల నాన్నగారి మాండలినే.  ఆ పసివాడు 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసి, ఆ తర్వాత లోకమంతా తిరిగాడు. పందిళ్లలోనూ ఇళ్లలోనూ వాయించిన చేతులవి.

తర్వాత పెళ్లి, ఉద్యోగం, పిల్లలు. వయొలిన్ పెట్టె బీరువా మీదకెక్కింది. ఈ కథ మీకందరికీ తెలిసిందే, పొడిగించను.

పిల్లలు ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డాక నా కోసం నేను కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు నగ కాదు. ఒక సెకండ్‌హ్యాండ్ టర్న్‌టేబుల్, ఒక ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు. మా ఆయన "ఫోన్‌లో అన్ని పాటలూ ఉన్నాయిగా?" అన్నారు. జవాబు చెప్పలేదు. ఆర్కెస్ట్రా రోజుల్లో వందలసార్లు వాయించిన పాట ఒకటి పెట్టి, పక్కన కూర్చోమన్నాను. పల్లవి దాటేసరికి నేనే నిశ్చేష్టురాలినయ్యాను. ఆ పాట కింద బేస్ గిటారు తన మానాన తనొక పాట పాడుకుంటూ నడుస్తోంది! అన్నేళ్లూ అది నాకు వినపడనే లేదు. కారణం తేలికే. బేస్ గిటారు లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అరచేతిలో పట్టే స్పీకరుకి అంత కింది స్వరం పలికే శక్తి ఉండదు. లేనిది స్పీకర్లో, పాటలో కాదు.

ఇంకో సంగతి. సినిమా రికార్డు మీద గాయకుల పేర్లు, సంగీత దర్శకుడి పేరు, రచయిత పేరు ఉంటాయి. వయొలిన్ వాళ్ల పేర్లుండవు. పక్క వాయిద్యం వాయించినదాన్ని కాబట్టి ఆ ఖాళీ నాకు గట్టిగా తగులుతుంది. ఇళయరాజాగారి ఎన్నో పాటల్లో వినపడే వేణువు నెపోలియన్‌గారిదని ఎంతమందికి తెలుసు? 1986లో వచ్చిన ఇళయరాజాగారి ఆల్బం 'హౌ టు నేమ్ ఇట్' వినండి. అందులో వి.ఎస్. నరసింహన్‌గారి వయొలిన్ ముందుకొచ్చి నిలబడుతుంది. వాద్యకారులకి మనం చెల్లించగల బాకీ ఒక్కటే, వాళ్లు వాయించిన ప్రతి స్వరాన్నీ శ్రద్ధగా వినడం.

మంచిగా వినడానికి లక్షలు పోయక్కర్లేదు. ఖరీదైన వైర్ల మీద డబ్బు తగలెయ్యకండి. ఉన్నదంతా స్పీకర్ల మీద పెట్టండి, ఆ తర్వాత గది సంగతి చూడండి. స్పీకర్లని గోడకి ఆనించి మూలల్లో పెడితే కింది స్వరాలు బుంగలో మాట్లాడినట్టు గుమ్మని మోగుతాయి. గోడ నుంచి కాస్త ముందుకి జరపండి. ఆ రెండిటి మధ్య ఎంత దూరముందో, మీ కుర్చీకీ ఒక్కో స్పీకరుకీ మధ్య కూడా అంతే ఉండాలి. మనవి గ్రానైటు, టైల్సు గచ్చులు, శబ్దాన్ని తిప్పికొడతాయి. జంఖానా పరవండి, కిటికీలకి మందపు కర్టెన్లు వెయ్యండి. ఫ్యాను ఆపండి. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ, ఫ్యాను హోరు ఆగాక మీకే తెలుస్తుంది, పల్లవికి ముందు గాయని తీసుకునే ఊపిరి కూడా వినపడుతుంది. ఘంటసాలగారి కాలం పాటలు మోనోలో తీసినవి. రెండు స్పీకర్ల నుంచీ ఒకటే శబ్దం వస్తుంది కాబట్టి, సరిగ్గా మధ్యన కూర్చుంటే ఆయన గొంతు ఏమీ లేనిచోట, మీ ఎదురుగా నిలబడి పాడుతుంది.

రికార్డే మేలా, సీడీ మేలా అని అడుగుతారు. శబ్దం శుభ్రతకైతే సీడీయే మేలు, మొహమాటం లేకుండా చెబుతాను. నేను రికార్డుని ప్రేమించడానికి కారణం వేరు. ఎల్‌పీ ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు. నిమిషానికి 33 చుట్లు దాటి తిరుగుతూ, ఆ ఇరవై నిమిషాలూ నన్ను కుర్చీలోంచి లేవనివ్వదు. ఫోన్‌లోలా వేలితో పాట దాటెయ్యడానికి లేదు. ఇంట్లో ఆడదానికి ఇరవై నిమిషాలు ఎవరూ పిలవకుండా కూర్చోవడం నేర్పింది నాకు ఆ నల్ల పళ్లెమే.

ఇంత శ్రద్ధగా వినడానికి చెవులు కూడా బావుండాలి కదా. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలదాకా వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదే 90కి పెరిగితే వారం మొత్తానికి 4 గంటలే. పెళ్లి ఊరేగింపుల్లో డీజే బాక్సుల ముందు పసిపిల్లల్ని ఎత్తుకుని నిలబడే తల్లుల్ని చూస్తే నా ప్రాణం విలవిల్లాడుతుంది. దయచేసి దూరంగా తీసుకుపోండి. చెవిలో జోరుమని శబ్దం ఆగకుండా వస్తుంటే నాలుగు రోజులు చూద్దామనుకోకుండా డాక్టరుకి చూపించండి. పెద్ద శబ్దాలకి చెవి లోపలి కణాలు దెబ్బతిని పోయిన వినికిడి తిరిగిరాదు.

మీ పుట్టింటి అటక మీద ఘంటసాలగారి భగవద్గీత ఎల్‌పీయో, ఏదో సినిమా రికార్డో ఉండే ఉంటుంది. పాత సామాన్లవాడికి తూకానికి వేసెయ్యకండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే వంగిపోతాయి, పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. వానాకాలంలో బూజు పడితే డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తని గుడ్డ తడిపి, గాడి వెంటే గుండ్రంగా తుడవండి, మధ్యలో కాగితం తడవనివ్వకండి. అంచులు పట్టుకునే తియ్యండి. మీలో ఎవరైనా ఒకప్పుడు వీణో, వయొలినో, హార్మోనియమో వాయించి మానేసినవాళ్లుంటే నాకు ఉత్తరం రాయండి. ఏ ఊళ్లో, ఏ పందిట్లో, ఏ పాటకి వాయించారో రాయండి. పాడినవాళ్ల పేర్లు అందరూ రాస్తారు, మీరు వాయించినవాళ్ల పేర్లు రాయండి.