తుమ్మ బుష్షు సంగతి

చెవిటికల్లు

అల్లుడికి,

మినప నూర్పిడి మిషనులో గింజ తీసే స్క్రూ షాఫ్టు కింద బుష్షు అరిగిందనీ, కంపెనీ సరుకు విజయవాడలోనూ దొరకలేదనీ, తుమ్మకర్రతో చేస్తే ఆగుతుందా అనీ రాశావు. ఆగుతుంది. షాపులో కుర్రాళ్లు నవ్వారన్నావు గానీ, ఇందులో నవ్వేందుకేమీ లేదు. వరికోత హార్వెస్టరులో గడ్డిని ఊపుతూ వెనక్కి తోసే చట్రాలుంటాయి చూడు, చాలా మిషన్లలో వాటి కింద నూనె పట్టించిన చెక్క దిమ్మెల్ని కంపెనీవాళ్లే బిగించి పంపుతారు. ఓడల ఫ్యాను షాఫ్టు కింద ఇత్తడి బుష్షులు ఊరికే అరిగిపోతుంటే, 1854లో జాన్ పెన్ అనే ఇంగ్లండు ఇంజనీరు లిగ్నమ్ వైటే అనే గట్టి చెక్క పట్టీలు వేయించి పేటెంటు తీసుకున్నాడు. అక్కడ సముద్రపు నీళ్లే కందెన.

బుష్షు కుదిరిందని ఊపు మీద అన్నిటికీ చెక్క పెట్టేస్తావేమోనని నా భయం. ముందు చెక్క పెట్టకూడనివి చెబుతా. పత్తిచేలో గట్ల మీద గడ్డి కొట్టే బ్రష్ కట్టరు బ్లేడు పది అంగుళాలు. నిమిషానికి ఏడువేల చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు తొంభై మీటర్ల పైన పరుగెడుతుంది. ఆ బ్లేడును పట్టి ఉంచే వాషరు గానీ, నట్టు కింద బిళ్ల గానీ చెక్కవి పెట్టకు. రెండు రోజులు నడిచిందని రైతు నీ ముందు మెచ్చుకున్నా సరే, పెట్టకు. సైలెన్సరు పక్కన, క్లచ్ దగ్గర, పెట్రోలు తడి తగిలేచోట కూడా అంతే. నిమిషానికి రెండు మూడు వందల చుట్లు తిరిగే షాఫ్టు, చేతితో పట్టుకునే పిడి, ఇంజను కింద దూలం, స్టార్టరు తాడు లాగే పిడి, వీటివరకే చెక్క. పిడికైతే ఇనుము కంటే చెక్కే నయం. అదురు తగ్గుతుంది, మే నెల ఎండలో చెయ్యీ కాలదు.

ఇంకొకటి. కొన్ని భాగాలు విరగడానికే చెక్కతో చేస్తారు. పళ్లబద్ద అటూ ఇటూ ఆడుతూ గడ్డి కోసే పాతకాలపు మిషన్లలో, ఆ బద్దను ఆడించే కడ్డీని కావాలనే చెక్కతో చేసేవాళ్లు. రాయి అడ్డంపడితే కడ్డీ పుటుక్కుమనేది, గేరుబాక్సు మిగిలేది. ఇంట్లో ఫ్యూజు చేసే పనే అది. అలాంటిచోట రైతు ‘ఇనప కడ్డీ వేసెయ్ బాబూ, మళ్లీ విరగదు’ అంటే ఒప్పుకోకు. కడ్డీ నిలబడితే దాని వెనక ఉన్న ఖరీదైనది పోతుంది.

ఇక కర్ర. కంచికచర్ల, నందిగామ చుట్టూ సుబాబుల్ ఎంత కావాలంటే అంత దొరుకుతుంది గానీ, అది పేపరు మిల్లు సరుకు. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి గోరుతో గీరితే గంటుపడుతుంది. మనకు కావాల్సింది నల్లతుమ్మ, అందులోనూ చేవ. అడ్డంగా కోస్తే మధ్యలో ఎర్రగా, గోధుమరంగుగా కనిపించేదే చేవ. చుట్టూ ఉన్న తెల్లదాన్ని బాడిసతో పూర్తిగా చెక్కేయ్, పురుగు ముందు పట్టేది దాన్నే. చింతచేవ కూడా మంచిదే. అందరూ తిట్టుకునే సర్కారు తుమ్మను చిన్నచూపు చూడకు. వంకరటింకరగా ఉంటుందే గానీ గట్టిది, ఆరితే పెద్దగా కుంచించుకుపోదు. మనకు కావలసింది జానెడు ముక్కే కదా, వంకరైతే ఏం?

పచ్చి కర్రకు రంధ్రం వేయకు. కర్ర ఆరేటప్పుడు నార పొడుగున కుంచించుకుపోయేది దాదాపు ఏమీ లేదు, అడ్డంగా మాత్రం బాగా దగ్గరకొస్తుంది. అందుకే గుండ్రంగా వేసిన రంధ్రం నెల తిరిగేసరికి కోడిగుడ్డు ఆకారమవుతుంది. ముక్కను నీడలో ఆరబెట్టి వారానికోసారి తూకం వేయి, బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టే. నార నిలువుగా ఉండేలా దిమ్మె పెట్టుకుని, రంధ్రం నారకు అడ్డంగా పోనీ. అప్పుడు షాఫ్టు బరువు నార కొసల మీద పడుతుంది. కొసలు అరుగుదలకు ఓర్చుకుంటాయి, నూనె కూడా వాటిలోంచే పైకొస్తుంది. దిమ్మెను షాఫ్టు మధ్యకు రెండుగా కోసి, పైముక్కా కిందిముక్కా బోల్టులతో బిగించు. అరిగినప్పుడు కోసినచోట కాస్త చిత్రిక పడితే మళ్లీ దగ్గరకొస్తుంది. షాఫ్టు కంటే రంధ్రం అరమిల్లీమీటరు వదులుండాలి. వానాకాలం తేమకు కర్ర ఉబ్బి పట్టేస్తే బెల్టు జారుతుంది.

నూనె పట్టించడం మాత్రం హడావుడిగా చేసే పని కాదు. వాడేసిన ఇంజను ఆయిలు కాయకు, ఆ పొగ మంచిది కాదు. కొత్త ఆయిలు మందపాటి పాత్రలో సగం వరకే పోసి, ఆరుబయట, సన్నని సెగ మీద పెట్టు. అది పొగలేచేదాకా కాగకూడదు. మూత దగ్గరుంచుకో. దిమ్మె వేయగానే నార కొసల దగ్గర సన్నని బుడగలు వరసకట్టి లేస్తాయి, అది లోపలి గాలి. తడి ఉన్న కర్రయితే ఆయిలు పొంగి పొయ్యిలో పడుతుంది, తూకం చూడమన్నది అందుకు కూడా. బుడగలు సన్నగిల్లాక చాలామంది దిమ్మెను బయటికి తీసేస్తారు. అదే తప్పు. సెగ మాత్రం తీసెయ్, దిమ్మెను ఆయిల్లోనే మునిగి ఉండనీ, తెల్లారేదాకా. వేడికి గాలి బయటికి పోయి ఖాళీ అయిన జాగాలోకి, చల్లారేకొద్దీ కర్ర ఆయిలును లాక్కుంటుంది. వేడిమీద తీస్తే లోపలికి మళ్లీ చేరేది గాలే.

పైముక్కలో చిన్న రంధ్రం వేసి నూనెబొట్లు పడేలా చెయ్యి. నూర్పిడి దుమ్ము, పొట్టు చేరి నూనె ఎండితే చెక్క మాడుతుంది. పక్కనంతా మినప కట్టె, నిప్పురవ్వ చాలు. కీచుమన్నా, కమురు వాసనొచ్చినా ఇంజను ఆపేసి చూడమని రైతుకు నోటితో చెప్పడమే కాదు, మిషను మీద పెయింటుతో రాసిపెట్టు. ఇది చెక్క బుష్షని కూడా చెప్పే ఇవ్వు. దాచిపెట్టి ఇనప బుష్షు డబ్బులు తీసుకుంటే, నందిగామ సంతలో ఒక్క వారం చాలు నీ పేరు పోవడానికి.

ఆదివారం రా. చేవ ముక్కలు రెండు అటక మీద ఉన్నాయి, ఆరినవే. ఆ షాఫ్టు మాత్రం మరచిపోకుండా తీసుకురా, అరిగినచోట దాని కొలత ఎంతుందో చూడకుండా రంధ్రం వేయలేం.

ఇట్లు,
మామయ్య