ఎడారి నేలలో వినోద నగరం

అభివృద్ధి అనే పదానికి అందరూ ఒకే అర్థం చెప్పరు. స్పెయిన్ దేశంలోని మొనెగ్రోస్ ప్రాంతం ఇందుకు నిదర్శనం.

ఆరగాన్ రాష్ట్రంలో విస్తరించిన ఈ మైదానంలో వర్షపాతం స్వల్పం. బతుకుతెరువు కోసం యువకులు నగరాలకు తరలిపోవడంతో పల్లెలు వెలవెలబోయాయి. ఈ స్థితిలో 2007 డిసెంబరులో ఒక మదుపుదారుల కూటమి 'గ్రాన్ స్కాలా' అనే బృహత్పథకాన్ని ప్రకటించింది. పెట్టుబడి 1,700 కోట్ల యూరోలు. 70 హోటళ్లు, 32 జూదశాలలు, పలు వినోద ఉద్యానవనాలు నిర్మిస్తామని, ఏటా 2.5 కోట్ల మంది సందర్శకులు వస్తారని వారు చెప్పారు. ఒంటిన్యేనా గ్రామ సమీపంలో స్థలం ఎంపిక చేశారు.

ప్రజల్లో చర్చ మొదలైంది. ఉద్యోగాలు వస్తాయని, వలస వెళ్లిన బిడ్డలు తిరిగివస్తారని కొందరు ఆశపడ్డారు. రాష్ట్ర ప్రభుత్వం వారి పక్షాన నిలిచింది. 2009లో ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. కాలువ నీటిపై ఆధారపడిన సేద్యం ఏమవుతుందని, బట్టమేక జాతి పక్షులకు నెలవైన బీళ్లు మిగులుతాయా అని, జూదం మీద నిలిచే సంపద ఎంతకాలం నిలుస్తుందని మరికొందరు ప్రశ్నించారు.

చివరకు వివాదాన్ని తేల్చింది వాదనలు కాదు, ధనమే. ప్రపంచ ఆర్థిక మాంద్యంలో నిధులు సమకూరలేదు. భూముల కొనుగోలు పూర్తి కాలేదు. 2012 నాటికి పథకం మూలబడింది. అయితే పల్లెను నిలుపుకోవడం ఎలా అన్న ప్రశ్న మాత్రం మిగిలింది. నిజానికి ఇరుపక్షాలవారూ కోరుకున్నది తమ ఊరి మనుగడనే.

అభ్యాసం
1. గ్రాన్ స్కాలా పథకాన్ని కొందరు ఎందుకు సమర్థించారు? మరికొందరు ఎందుకు వ్యతిరేకించారు?
2. "వివాదాన్ని తేల్చింది వాదనలు కాదు, ధనమే" – వివరించండి.