వ్యక్తిత్వ లక్షణాలు - శారీరక బాధలు : ఒక పరిశీలన

మనోవ్యాధికి మందు లేదని మన ఊళ్ళల్లో ఒక మాట ఉంది. అందుకేనేమో, మనసుకు కష్టం వచ్చినప్పుడు మనం ఆ సంగతి బయటికి చెప్పం. తలనొప్పి అంటాం, కడుపునొప్పి అంటాం, గుండెదడ అంటాం. ఆ నొప్పి అబద్ధమా? కాదు. మరి పరీక్షలన్నీ చేయించినా రిపోర్టులో ఏమీ ఎందుకు కనపడదు? ఒకే గదిలో ఉండి, ఒకే అన్నం తినే పదిమందిలో ఇద్దరు ముగ్గురికే ఇలా ఎందుకు జరుగుతుంది? ఈ హాస్టల్లోనే ఉండి, తరువాత మనస్తత్వశాస్త్రం చదివిన మేము, ఈ విషయాలను మా తమ్ముళ్ళకు అర్థమయ్యేలా చెప్పదలచి ఈ వ్యాసం రాస్తున్నాము.

వ్యక్తిత్వం అనగానేమి?

పర్సనాలిటీ అనే మాట లాటిన్ భాషలోని 'పర్సోనా' నుండి వచ్చింది. పూర్వం నాటకాల్లో నటులు ముఖానికి పెట్టుకునే ముసుగును అలా పిలిచేవారు. కానీ వ్యక్తిత్వమంటే పైకి కనిపించే రూపం కాదు. ఒక మనిషి సాధారణంగా ఆలోచించే తీరు, స్పందించే తీరు, ఇతరులతో నడుచుకునే తీరు కలిపితే వ్యక్తిత్వం. ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే శాస్త్రజ్ఞులు 1936లో ఇంగ్లీషు నిఘంటువు వెతికి మనిషి స్వభావాన్ని తెలిపే పదాలను సుమారు 18 వేలు ఏరారు. తరువాతి పరిశోధకులు వాటిని వడగట్టి ముఖ్యంగా అయిదు లక్షణాలుగా తేల్చారు.

1. కొత్త విషయాలను స్వీకరించే గుణం
2. క్రమశిక్షణ, బాధ్యత
3. బహిర్ముఖత (నలుగురితో కలిసే గుణం)
4. సర్దుకుపోయే గుణం
5. ఉద్వేగ అస్థిరత (త్వరగా ఆందోళన, దిగులు, కోపం చెందే గుణం). దీనినే న్యూరోటిసిజం అంటారు.

ఈ అయిదూ ప్రతి మనిషిలోనూ ఉంటాయి. ఎక్కువ తక్కువలే తేడా. మన విషయానికి వస్తే అయిదవది ముఖ్యమైనది.

శారీరక లక్షణ రుగ్మత

గ్రీకు భాషలో 'సోమ' అంటే శరీరం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డి.ఎస్.ఎం.-5 గ్రంథంలో 'సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్' అనే పేరు పెట్టారు. బాధ కలిగించే శారీరక లక్షణం ఒకటైనా ఉండాలి. దాని గురించి మితిమీరిన ఆలోచన గానీ, భయం గానీ, సమయమంతా దానికే వెచ్చించడం గానీ ఉండాలి. ఈ స్థితి సాధారణంగా ఆరు నెలలకు మించి కొనసాగాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు గమనించాలి. అంతకు ముందు 'వైద్యానికి అంతుచిక్కని లక్షణం' అయితేనే ఈ జాబితాలో చేర్చేవారు. 2013 నుండి ఆ షరతు తీసివేశారు. అంటే శరీరంలో నిజమైన జబ్బు ఉన్నవారికి కూడా ఈ రుగ్మత ఉండవచ్చు. కారణం దొరికిందా లేదా అన్నదానికన్నా, ఆ బాధ మనిషి జీవితాన్ని ఎంతగా ఆక్రమించిందన్నదే ఇప్పుడు ముఖ్యం.

ఇది నాటకం కాదు

స్కూలు ఎగ్గొట్టడానికి కావాలని నొప్పి నటించడం వేరు. ఈ రుగ్మతలో నొప్పి నిజంగానే ఉంటుంది. భయం కలిగినప్పుడు మెదడు శరీరాన్ని అప్రమత్తం చేస్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. మెడ, భుజాల కండరాలు బిగుసుకొని తలనొప్పి వస్తుంది. పేగులకు కూడా నరాల వల ఉంది కాబట్టి కడుపులో తిప్పుతుంది. ఊపిరి వేగంగా తీసుకుంటే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి చేతివేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కళ్ళు తిరుగుతాయి. పరీక్షకు ముందు రోజు ఇది ఎవరికైనా వస్తుంది, పోతుంది. కొందరిలో పోకుండా నిలిచిపోతుంది.

ఏ లక్షణాలు ఉన్నవారికి ఎక్కువ?

మొదటిది ఉద్వేగ అస్థిరత. కోస్టా, మెక్‌క్రే అనే పరిశోధకులు 1987లో దీనిని చర్చించారు. ఈ గుణం ఎక్కువ ఉన్నవారు శారీరక బాధలు ఎక్కువగా చెబుతారనీ, అయితే వారికి అసలు జబ్బులు కూడా అంత ఎక్కువగా ఉన్నాయనడానికి తగిన ఆధారం లేదనీ వారు చూపారు. 1989లో వాట్సన్, పెన్నెబేకర్ కూడా ఇంచుమించు ఇదే చెప్పారు.

రెండవది చిన్న సంకేతాన్ని పెద్దది చేసుకునే గుణం. దీనిని ఆర్థర్ బార్‌స్కీ అనే వైద్యుడు వివరించాడు. రేడియోలో సౌండు పెంచినట్లు, ఒంట్లో కలిగే చిన్న మార్పు కూడా వీరికి పెద్దగా వినపడుతుంది. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటే 'గుండెజబ్బేమో' అనుకుంటారు. ఆ భయంతో గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. దానిని చూసి భయం రెట్టింపవుతుంది. ఇదొక గానుగ చుట్టు తిరుగుడు.

మూడవది మనసులోని భావానికి పేరు పెట్టలేకపోవడం. పీటర్ సిఫ్నియోస్ అనే మానసిక వైద్యుడు 1970వ దశకం తొలినాళ్ళలో దీనికి 'అలెక్సిథైమియా' అని పేరు పెట్టాడు. వీరిని 'నీకు కోపమా, దిగులా, భయమా?' అని అడిగితే చెప్పలేరు, 'ఏమో, ఒంట్లో బాగోలేదు' అంటారు. మగపిల్లలను మనం ఎలా పెంచుతున్నామో ఆలోచిస్తే ఇది తేలికగా అర్థమవుతుంది. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని చిన్నప్పటి నుండి వింటూ పెరిగినవాడు దిగులుకు మాట ఎక్కడ నేర్చుకుంటాడు?

హాస్టల్ విద్యార్థికి దీనితో పనేమి?

పదేళ్ళకే అమ్మానాన్నలను వదిలి వచ్చినవాళ్ళం మనం. 'ఇల్లు గుర్తొస్తోంది' అంటే సెలవు దొరకదు, 'జ్వరం' అంటే దొరుకుతుంది. కాలేజీలో ఎదురైన చిన్నచూపును ఎవరితోనూ చెప్పుకోలేక దిగమింగుతాం. మాటకు దారి మూసుకుపోయినప్పుడు బాధ ఒంటి గుండా బయటపడుతుంది. అప్పుడు పక్కవాళ్ళు 'వీడిది నాటకం' అంటారు. ఇంట్లోవాళ్ళు అప్పుచేసి ఆసుపత్రులు తిప్పుతారు. ఒకచోట సెలైను, ఒకచోట స్కానింగు, ఒకచోట తాయెత్తు. డబ్బు పోతుంది, చదువు పోతుంది, బాధ మాత్రం అలాగే ఉంటుంది.

అయితే దోషమంతా వ్యక్తిత్వానిదే అనడం కూడా తప్పు. నిద్రలేమి, సరిపడని తిండి, అవమానం, అప్పుల బాధ ఇవన్నీ కారణాలే. వాటిని సరిచేయకుండా 'నీ స్వభావమే అంత' అనడం న్యాయం కాదు.

జాగ్రత్త - ముందు జబ్బును చూడాలి

ప్రతి నొప్పినీ మనసు మీదికి నెట్టరాదు. ఉదాహరణకు రక్తహీనత వల్ల కూడా నీరసం, తలతిరుగుడు, గుండెదడ వస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ళ బాలికల్లో 59 శాతం, బాలురలో 31 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాలి. బరువు తగ్గడం, విడవని జ్వరం, రక్తం పడటం, స్పృహ తప్పడం ఉంటే ఆలస్యం చేయరాదు.

ఏమి చేయాలి?

1. డాక్టర్లను మారుస్తూ పోకుండా ఒకే డాక్టరు దగ్గరకు క్రమంగా వెళ్ళాలి.
2. నొప్పి వచ్చిన రోజు, సమయం, అంతకు ముందు జరిగిన సంగతి నోటుపుస్తకంలో రాసుకోవాలి. నెల తిరిగేసరికి సంబంధం మనకే కనపడుతుంది.
3. ఊపిరి నిదానంగా వదలడం, రోజూ ఆటలు లేదా నడక, వేళకు నిద్ర అలవాటు చేసుకోవాలి.
4. 'ఒంట్లో బాగోలేదు' అన్న తరువాత 'మనసులో ఏముంది?' అని తనను తాను ప్రశ్నించుకోవాలి.
5. బాధ తగ్గకుంటే మానసిక వైద్యుణ్ణి కలవాలి. ఆలోచనా సరళిని మార్చే చికిత్స (సి.బి.టి.) చాలామందికి మేలు చేస్తుంది. అవసరమైతే మందులు కూడా ఇస్తారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నెంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

వార్డెన్లకు, సీనియర్లకు మా మనవి ఒక్కటే. పిల్లవాడు నొప్పి అంటే ముందు నమ్మండి. నమ్మినవారికే వాడు అసలు సంగతి చెబుతాడు.

ముగింపు

వ్యక్తిత్వం నుదుటిరాత కాదు. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో ఉద్వేగ స్థిరత్వం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. త్వరగా కలతచెందే గుణం ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు. ఆ గుణమే ఇతరుల బాధను ముందుగా పసిగట్టే మనసునూ ఇవ్వవచ్చు. కావున తమ్ముళ్ళారా, మనోవ్యాధికి మందు ఉంది. అందులో మొదటి మోతాదు, పక్క మంచం మీది మిత్రుడు చెప్పేది ఓపికగా వినడమే. దానికి డబ్బు అక్కరలేదు.