గ్లబ్ పాషా, ఎల్ ఎద్రూస్: తలకిందులైన జోడీ

1948లో జోర్డాన్ ‘అరబ్ లీజియన్’కు అధిపతి ఒక బ్రిటిష్ అధికారి. అదే ఏడాది హైదరాబాద్ నిజాం సైన్యానికి అధిపతి ఒక అరబ్ వంశీయుడు.

మొదటివాడు జాన్ బాగట్ గ్లబ్, అంటే గ్లబ్ పాషా. 1923లో ఫ్రెడరిక్ పీక్ రూపుదిద్దిన లీజియన్‌లో 1930లో చేరి, 1939లో పగ్గాలు చేపట్టాడు. ఎడారి బెదూయిన్లను సుశిక్షిత సైనికులుగా మలిచాడు. 1948 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో జెరూసలేం పాతనగరం ఈ దళానికే దక్కింది. అరబ్ జాతీయవాదం ఉప్పొంగడంతో 1956 మార్చి 1న రాజు హుస్సేన్ ఆయన్ను తొలగించాడు.

రెండోవాడు మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్. పూర్వీకులది యెమెన్‌లోని హద్రమౌత్. 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్‌పై మొదలైన భారత సైనిక చర్య ‘ఆపరేషన్ పోలో’లో ఓడి, 18న భారత సేనాని జె.ఎన్. చౌదరి ఎదుట లొంగిపోయాడు.

తికమక పెట్టే ప్రశ్న: అరబ్ లీజియన్‌ను నడిపింది లారెన్స్ ఆఫ్ అరేబియా కాదా? ఆయన 1916–18 అరబ్ తిరుగుబాటులో అనుసంధాన అధికారి. లీజియన్ అధిపతి కాదు.