ఒకే పరిశోధన పత్రం, నాలుగు జర్నళ్లు

జర్నల్‌కు పంపిన పరిశోధన పత్రంపై జవాబు రావడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. తిరస్కరిస్తే మళ్లీ మొదటికే. ఫెలోషిప్ గడువు దగ్గరపడుతున్న విద్యార్థికి, ఒకేసారి నాలుగు జర్నళ్లకు పంపితే ఏం పోతుందని అనిపించడం సహజమే. ఉద్యోగ దరఖాస్తులు అలాగే పెడతారు కదా!

సైన్సు జర్నళ్లు మాత్రం దీన్ని దాదాపుగా ఒప్పుకోవు. ఈ పత్రం మరెక్కడా పరిశీలనలో లేదని రచయితలు సమర్పణ సమయంలోనే హామీ ఇవ్వాలి. పత్రాలను సమీక్షించే నిపుణులు సాధారణంగా పారితోషికం లేకుండా పనిచేస్తారు. చిన్న పరిశోధనా రంగాల్లో వాళ్లు కొద్దిమందే ఉంటారు కాబట్టి, ఒకే పత్రం రెండు జర్నళ్ల నుంచి ఒకే సమీక్షకుడి చేతికి చేరవచ్చు. గుట్టు బయటపడేది తరచూ అక్కడే.

దొరక్కుండా రెండుచోట్లా అచ్చయితే నష్టం ఇంకా పెద్దది. శస్త్రచికిత్స తర్వాత వచ్చే వాంతులను ఆపడానికి ఒండాన్‌సెట్రాన్ అనే మందు వాడతారు. దానిపై వెలువడిన ప్రయోగ పరీక్షలను మార్టిన్ ట్రామెర్ బృందం జల్లెడ పట్టి, 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించింది. పత్రాల్లో 17 శాతం, రోగుల సమాచారంలో 28 శాతం పునరావృతమే. అది పాత సమాచారమేనని చాలాచోట్ల చెప్పనేలేదు. పైగా మందు బాగా పనిచేసినట్టు చూపిన పరీక్షలే ఎక్కువగా రెండోసారి అచ్చయ్యాయి. వాటన్నిటినీ కలిపి లెక్కిస్తే మందు ప్రభావం 23 శాతం ఎక్కువగా కనిపించింది. ఒకే రోగిని ఇద్దరిగా లెక్కపెట్టినట్టన్నమాట. ఇలాంటి నకళ్లన్నీ ఒకేసారి పలు జర్నళ్లకు పంపడం వల్లే పుట్టవు గానీ, ఆ అలవాటు వాటికి ఒక దారి.

మినహాయింపులూ ఉన్నాయి. అమెరికాలో విద్యార్థులు నడిపే న్యాయశాస్త్ర జర్నళ్లకు ఒకే వ్యాసాన్ని అనేకచోట్లకు పంపడం మామూలే. 1991లో మొదలైన ఆర్కైవ్ వంటి ప్రీప్రింట్ వేదికల్లో పత్రాన్ని ముందే ఉంచడాన్నీ చాలా జర్నళ్లు అనుమతిస్తాయి. అయితే ఆ జర్నల్ నిబంధన ముందుగా చదువుకోవాలి.

మరి జవాబు రాకుండా నెలలు గడిచిపోతుంటే? ముందు సంపాదకులకు రాసి స్థితి అడగాలి. ఇక ఆగలేకపోతే రచయితలందరి అంగీకారంతో పత్రాన్ని ఉపసంహరించుకోవచ్చు. ఉపసంహరణ పూర్తయిందని జర్నల్ రాతపూర్వకంగా తెలిపిన తర్వాతే దాన్ని మరోచోటికి పంపాలి. కేవలం సారాంశం పంపి, మీకు ఆసక్తి ఉందా అని అడిగే వీలును కొన్ని జర్నళ్లు ఇస్తున్నాయి. ఆ విచారణకు పత్రం సమర్పించినట్టు లెక్క కాదు.